చెక్కమొహం కింది గుడ్డ

జపాన్,
28 ఆగస్టు 2024

రుక్కమ్మ అత్తకు,

మాధవి రాస్తున్నది. చింపేయకు, ఇది నీకోసం రాసింది కాదు. నన్ను పెంచిన పెద్దబాపుకు, మీ పెద్దన్నకు రాసింది. ఆయనకు చదువు రాదు. సిరిసిల్ల సాంచాల మోతలో చెవులు పోయాయి కాబట్టి ఫోన్ పనికిరాదు. నీ కొడుకు సాగర్ నా నంబరు బ్లాక్ చేశాడు. నువ్వేమో నాతో జన్మలో మాట్లాడనని ఒట్టు పెట్టుకున్నావు. ఇక నాకు మిగిలింది పోస్టాఫీసే. ఆయన నీ ఇంట్లో ఉంటున్నాడు కాబట్టి కవరు మీద నీ పేరు రాయక తప్పలేదు. ఆ మరమగ్గాల షెడ్డులో మాటలు వినబడక మీరంతా చేతులతో మాట్లాడుకునేవాళ్లు కదా, ఆ సైగలతోనే ఇది ఆయనకు చెప్పు. మధ్యలో నీ మాటలు కలపకు.

పెద్దబాపూ, నేను బాగున్నాను. నేను పనిచేసే వృద్ధాశ్రమం కొండల మధ్య ఉంది. ఊళ్లో కూడా ఎక్కువమంది ముసలివాళ్లే. ఊరి వెనక కొండ మీద చిన్న గుడి. ఏటా డిసెంబర్‌లో ఆ గుడిలో కగురా అని ఒక ఆట ఆడతారు. దేవతల మొహాలు చెక్కతో చెక్కి ఉంటాయి. అవి తొడుక్కుని, డోలుకూ పిల్లనగ్రోవికీ అడుగులు వేస్తారు. ఇదివరకు రాత్రంతా ఆడేవాళ్లట. ఆడేవాళ్లు తగ్గిపోయి ఇప్పుడు పగటికి కుదించారు. ఈ ఊళ్లో ఆడవాళ్లు ఎప్పుడూ ఆడలేదు. ఈసారి మనుషులు చాలక నన్ను అడిగారు.

కథ చెప్తాను. వీళ్లకు సూర్యుడు ఆడదేవత. ఆమెకు మగ్గాల ఇల్లు ఉంది. తమ్ముడు పొగరెక్కి ఆ ఇంటి కప్పు పగలగొట్టి, చచ్చిన గుర్రాన్ని లోపల పడేశాడు. భయంతో నేసే పిల్లకు పోగు దూర్చే నాడె గుచ్చుకుని ప్రాణం పోయింది. దేవత అలిగి గుహలో దూరి బండ అడ్డం పెట్టుకుంది. లోకమంతా చీకటైంది. అప్పుడు ఇంకో దేవత గుహ ముందు ఆడితే మిగతా దేవతలు పగలబడి నవ్వారు. ఏమిటా నవ్వు అని సూర్యదేవత బండ సందులోంచి తొంగి చూసింది. ఆ ఆడిన దేవత మొహం ఈసారి నాకు కడతారు.

మగ్గాల ఇల్లు అనగానే నాకు నువ్వు గుర్తొచ్చావు. మొహం కట్టేముందు తలకు తెల్లగుడ్డ చుట్టుకోవాలి. అది నువ్వు నేసింది కావాలి. నూలుది.

అత్తా, ఇక్కడిదాకా చదివినందుకు నీకు దండం పెట్టాలని లేదు గానీ పెడుతున్నాను.

మాధవి

*

కోరుట్ల,
14 సెప్టెంబర్ 2024

మాధవికి,

మాట్లాడనని ఒట్టు పెట్టుకున్నాను, రాయనని పెట్టుకోలేదు. అంగన్‌వాడీలో నీకు అక్షరాలు దిద్దించింది ఈ చెయ్యే. ఆ చేత్తో నువ్వు రాసింది చదివి సిగ్గుపడ్డాను.

నువ్వు మరిచిపోయి ఉంటావు కాబట్టి గుర్తు చేస్తాను. మీ అమ్మా నాయినా పోయాక నిన్ను మా పెద్దన్న పరశురాములు పెంచాడు. నీకోసం పెళ్లి కూడా మానుకున్నాడు. నా సాగర్‌కు నిన్ను చేసుకుంటామని నీ తొట్టెల రోజే అనుకున్నాం. పత్రికలు అచ్చయ్యాయి. ఇంట్లో పసుపు కొట్టాం. అప్పుడు నువ్వు జగిత్యాలలో చదివిన నర్సింగు సర్టిఫికెట్లు చంకలో పెట్టుకుని విమానం ఎక్కావు. ఇప్పటికీ నేను ఏ గడపకు పోయినా "మీ అన్న బిడ్డె ఏ దేశంల ఉన్నది టీచరమ్మా?" అని తీపిగా అడుగుతారు. ఇకమీదట ఏం చెప్పాలి? చెక్కమొహం పెట్టుకుని గుడి ముందు ఎగురుతోందని చెప్పాలా?

ఇంకొక ముక్క. నా కోడలు శైలజ ఆ కథ ఫోన్‌లో వెతికింది. ఆ ఆడిన దేవత నలుగురిలో బట్టలు విప్పిందట. దేవతలు నవ్వింది అందుకేనట. నువ్వు రాయకుండా దాటేసింది ఇదే కదా? పద్మశాలి ఇంట్లో పుట్టి, ఊరికంతా బట్ట కట్టించే కులంలో పుట్టి, పరాయి దేశంలో బట్ట విప్పడానికి ఒప్పుకున్నావు. పైగా దానికి గుడ్డ మా అన్నే నేసివ్వాలి.

నీ ఉత్తరం ఆయనకు చెప్పాను. బట్టల సంగతి కూడా సైగ చేసి చూపించాను. నవ్వాడు. నవ్వితే ఆయనకు దగ్గు వస్తుంది. దగ్గు ఆగాక "నా బిడ్డె అడిగింది గుడ్డ. కట్టుకునేటోళ్లే గుడ్డ అడుగుతరు గని ఇడిసేటోళ్లు అడుగుతరా? నేసిస్త" అన్నాడు. తనకు వినబడదు కాబట్టి గట్టిగా అరుస్తాడు. వాడకంతా వినబడింది.

కాగితం నాలుగు మూలలకూ పసుపు పెట్టాను. పొంగిపోకు. నా ఇంట్లోంచి పోయే ఏ ఉత్తరమూ పసుపు లేకుండా పోదు. నన్ను అత్త అని రాయకు. ఆ పిలుపు వదులుకున్నది నువ్వే.

రుక్కమ్మ

*

జపాన్,
29 సెప్టెంబర్ 2024

రుక్కమ్మ గారికి,

అత్త అనొద్దన్నారు కాబట్టి గారు అంటున్నాను. సంతోషమేనా?

ఎవరూ బట్టలు విప్పరు. పాత కథలో ఉంటే ఉండవచ్చు. ఇక్కడ నేను ఒకదాని మీద ఒకటి వేసుకునే బట్టలు చూస్తే నీకే ఉక్కపోస్తుంది. చేతివేళ్లు తప్ప నాది ఒక్క అంగుళం కనబడదు. మొహం కూడా నాది కాదు. శైలజకు చెప్పు, ఫోన్‌లో వెతికే ముందు నన్ను అడగమని. నా నంబరు ఆమె మొగుడి దగ్గర ఉంది.

ఇక సాగర్ సంగతి. చిన్నప్పటి నుంచి ఒక కంచంలో తిన్నాం, నాకు అన్నలాంటివాడని పత్రికలు అచ్చు కాకముందే నీకు చెప్పాను. మీ వంటింట్లో నిలబడి చెప్పాను. నువ్వు వినలేదు. పెద్దబాపుకు చెవులు లేవు. నీకు ఉన్నాయి కదా.

ఈ వేషం నాకు ఎందుకు వచ్చిందో కూడా చెప్తాను, లేకపోతే నన్నేదో పిలిచి పట్టం కట్టారనుకుంటావు. ఇదివరకు దాన్ని కురోకి అనే ఆయన ఆడేవాడు. ఈ ఏడు ఆయన తల్లి చనిపోయింది. ఇంట్లో చావు జరిగితే ఏడాదిపాటు ఆ మొహాన్ని ముట్టరాదు, గుడి ఆవరణలో అడుగు పెట్టరాదు. మన మైల లాంటిదే, ఇంకా గట్టిది. అందుకే ఆయన గుడి ముందున్న కొయ్య కమానుకు ఇవతల, రోడ్డు మీద నిలబడి నాకు అడుగులు నేర్పుతున్నాడు. పూజారి నన్ను అందరి ముందూ "మీ ఇంట్లో అంతా క్షేమమేనా?" అని అడిగాడు. మా ఇంటిపేరుతో నేనూ మా పెద్దబాపూ ఇద్దరమే మిగిలాం, ఇద్దరం బాగున్నాం అని చెప్పాను. ఆట రోజు మళ్లీ అడుగుతాడట.

పెద్దబాపూ, నాకు భయంగా ఉంది. ఆ మొహం తొడిగితే ముక్కు రంధ్రాల్లోంచి తప్ప ఏమీ కనబడదు. తలకు గుడ్డ, దానిమీద చెక్క, చెవులు మూసుకుపోతాయి. డోలు దెబ్బ అందక అడుగు తప్పుతున్నాను. నువ్వు సిరిసిల్లలో పీరీల పండుగకు పులి మొకం కట్టేవాడివి కదా. అప్పటికే నీకు వినబడదు కదా. ఎట్లా ఆడావు?

రుక్కమ్మ గారూ, ఇది మాత్రం ఉన్నదున్నట్టు ఆయనకు చెప్పండి. మీ ఇంట్లో అలిగి బండ అడ్డం పెట్టుకున్న దేవతకు కూడా నా నమస్కారాలు.

మాధవి

*

కోరుట్ల,
17 అక్టోబర్ 2024

మాధవికి,

నన్ను దేవతతో పోల్చి తిట్టడం నేర్చుకున్నావు. బాగుంది. ఆ దేవత ఊరికే అలగలేదని నువ్వే రాశావు. తన మగ్గాల ఇంట్లో సొంతవాళ్లే చచ్చిన గుర్రాన్ని తెచ్చి పడేస్తే అలిగింది. నేనూ అంతే.

గుడ్డ పంపుతున్నాను. దాని వెనక ఏం జరిగిందో విను. సిరిసిల్లలో ఆయన ఇదివరకు పనిచేసిన విజయ్ షెడ్డులో ఉన్న సాంచాలన్నీ పాలిస్టర్ మీద నడుస్తాయి. మీ పెద్దబాపుకు నూలు కావాలి, అది కూడా తన చేతి మీద. బతుకమ్మ పండుగ నాడు, ఇంటినిండా చుట్టాలుండగా చెప్పకుండా బస్సెక్కి పోయాడు. విజయ్‌ను బతిమాలి ఒక సాంచ మీద నూలు ఎక్కించి, నాలుగు రోజులు ఆ దుమ్ములోనే పడుకుని నేశాడు. ఒక తలగుడ్డకు పోగులు ఎక్కించేంత కష్టం ఎవరైనా పడతారా? వచ్చేటప్పుడు దారిలో వానలో తడిశాడు. ఇప్పుడు దగ్గుతున్నాడు. నీ ముచ్చట కోసం.

నీ ప్రశ్నకు ఆయన జవాబు. నేను కలిపింది లేదు, తీసింది లేదు. "చెవులతోటి ఇననీకి సూడకు బిడ్డా. చెప్పులిడిసి నిలవడు. డప్పు కొడితె నేల అదురుతది. అరికాలు ఇంటది. నేను గట్లనే ఎగిరిన" అన్నాడు. అని ఊరుకోక లేచి నా వాకిట్లో పులి అడుగులు వేసి చూపించాడు. శైలజ ఫోన్‌లో తీసింది. నీకు పంపవద్దని చెప్పాను.

మీ జపాన్‌ వాళ్లకే మైల ఉన్నట్టు రాశావు. ఇక్కడి సంగతి విను. ఇబ్రహీంపట్నం ఐలయ్య వాళ్ల తాత పోయాడు. ఐలయ్య కొడుకు మస్కట్‌లో ఉన్నాడు, సెలవు దొరకదని వాడికి చెప్పలేదు. ఇక్కడ అందరూ తలకాయలు గొరిగించుకుని కూర్చుంటే వాడు అక్కడ కోడికూర తింటూ ఫోటో పెట్టాడు. ఊరంతా నోరు నొక్కుకుంది. గుడి అయ్యగారిని అడిగితే "విననోనికి మైల యాడిది? చెవిన వడ్డనాడు తానం జేస్తడు, గప్పటిసంది మైల పట్టుకుంటడు" అన్నాడట. దూరం పోయిన మీ అందరికీ ఎంత సుఖం చూడు. ఏడుపు కూడా తీరిగ్గా వస్తుంది.

రుక్కమ్మ

*

జపాన్,
3 నవంబర్ 2024

అత్తకు,

గారు అనడం నాకు చేతకాదు. తిట్టుకో.

గుడ్డ అందింది. విప్పగానే సిరిసిల్ల షెడ్డు వాసన వచ్చింది. చాలా పొడుగ్గా నేశాడు, రెండు తలలకు సరిపోతుంది. అంచున ఒక ఎర్ర పోగు వేశాడు. తెల్లది తప్ప ఒప్పుకోరేమోనని భయపడ్డాను. పూజారి దాన్ని రెండు చేతులతో పట్టుకుని, వెలుతురుకు అడ్డం పెట్టి చూసి, పెట్టెలో చెక్కమొహం పక్కన ఉంచాడు. ఇక ఆట రోజు దాకా నేను కూడా ముట్టుకోకూడదు.

పెద్దబాపూ, నువ్వు చెప్పినట్టు చేశాను. మేజోళ్లు విప్పేసి చెక్కనేల మీద నిలబడ్డాను. డోలు అరికాళ్లకు తెలిసింది. కురోకి గారు రోడ్డు మీద నుంచే చప్పట్లు కొట్టాడు. నీ గురించి చెప్పాను. మీ పెద్దబాపును ఒకసారి చూడాలని ఉందన్నాడు.

అత్తా, ఒక్కటి అడుగుతాను. ఆ పులి అడుగుల వీడియో పంపించు. లేదా సాగర్‌ను ఒక్క పూట నా నంబరు తెరవమను. ఆయన మొహం చూసి ఆటకు పోతాను. దగ్గుకు దవాఖానాకు తీసుకుపోయారా లేదా రాయి. నీకు నామీద కోపం ఉంటే నామీద తీర్చుకో, ఆయన మందుల మీద కాదు. ఆట డిసెంబర్ ఏడున.

మాధవి

*

కోరుట్ల,
20 నవంబర్ 2024

మాధవికి,

నీ ఉత్తరం వచ్చింది. వీడియో పంపను. సాగర్ నంబరు తెరవడు. మీ పెద్దబాపు మాటలు ఇక ఒక్కటి కూడా నీకు రాయను. నేను ఎవరికీ పోస్టుమాన్‌ను కాను.

నా అన్న మందులు నేను అమ్ముకుంటున్నట్టు రాశావు. దానికి జవాబు నీ మొహం మీద చెప్తాను, కాగితం మీద కాదు.

ఆడతానని పదిమందిలో ఒప్పుకున్నావు, ఆడు. మధ్యలో వదిలిపెట్టి పోవడం నీకు అలవాటే. ఒకసారి వదిలి నా ఇంటిపరువు తీశావు. ఈసారి వాళ్లది తీయకు. ఆట అయ్యేదాకా నాకు రాయకు. జగిత్యాలలో ఉన్న నీ స్నేహితురాలు సంధ్యారాణిని నా ఇంటి మీదికి పంపకు.

రుక్కమ్మ

*

జపాన్,
9 డిసెంబర్ 2024

రుక్కమ్మకు,

ఈసారి అత్తా లేదు, గారూ లేదు.

నీ ఉత్తరం ఆటకు నాలుగు రోజుల ముందు వచ్చింది. మూలలకు పసుపు కూడా పెట్టలేదు. ఎంత తిట్టినా నీ ఇంట్లోంచి పసుపు లేకుండా ఉత్తరం పోదని నువ్వే రాశావు. ఇప్పుడు ఆ పాటి కూడా లేకుండా పోయాను. ఒక ముసలాయన నాకు చెప్పాలనుకున్న రెండు మాటలను మధ్యలో ఆపేశావు. ఆయన చెవులు సాంచాలు తీసుకున్నాయి, నోరు నువ్వు తీసుకున్నావు. సంధ్యారాణికి ఫోన్ చేస్తే "నాకేం తెల్వదు మాధవీ, మీ అత్తనే అడుగు" అని పెట్టేసింది. ఆమెకు కూడా ఏదో నూరిపోశావు.

అయినా ఆడాను. నీకోసం కాదు, ఆయన కోసం రాస్తున్నాను. ఏ మూలో మనసుంటే చెప్పు.

పొద్దున చన్నీళ్లు పోసుకున్నాను. పూజారి అడిగాడు, ఇంట్లో అంతా క్షేమమేనా అని. నీ ఉత్తరం గుర్తొచ్చింది. చెడు ఉంటే అది మొదటి ముక్కలోనే రాసి నన్ను ఏడిపించేదానివి, రాయలేదంటే అంతా క్షేమమే అనుకున్నాను. క్షేమమే అన్నాను. ఆయన ఊపిరి తగలకుండా నోటికి కాగితం అడ్డం పెట్టుకుని చెక్కమొహాన్ని పెట్టెలోంచి తీశాడు. పెద్దబాపు గుడ్డ తలకు చుట్టారు. ఎర్ర అంచు నా నుదుటి మీదికి వచ్చింది. దానిమీద మొహం కట్టారు. లోపల చీకటి. చెవుల్లో నా ఊపిరి తప్ప ఏమీ లేదు.

డోలు మొదలైంది. అరికాళ్లకు తెలిసింది. ఆ తర్వాత నాకు భయం లేదు. ఎక్కడో ఒకచోట కురోకి గారు నేర్పిన అడుగు మరిచిపోయి పులి అడుగు వేసినట్టున్నాను. ముసలివాళ్లు నవ్వారు. ఆ కథలో దేవతలు నవ్వాలి కదా, ఈ మధ్య ఏ ఏడూ జనం అలా నవ్వలేదని తర్వాత పూజారి చెప్పాడు. బండ జరిపే వేషం వచ్చింది, సూర్యదేవత బయటికి వచ్చింది. నేను మొహం విప్పేసరికి గుడ్డంతా తడిసిపోయి ఉంది.

జనవరి చివర్లో సెలవు తీసుకుని వస్తున్నాను. నీ ఇంటికి కాదు, పెద్దబాపును తీసుకుపోవడానికి. సిరిసిల్లలో ఒక గది తీసుకుని అక్కడ ఉంచుతాను. నువ్వు నీ గుహలోనే ఉండు. నీకోసం ఆడేవాళ్లు ఎవరూ లేరు.

మాధవి

*

కోరుట్ల,
26 డిసెంబర్ 2024

మాధవికి,

నిలబడి ఉంటే కూర్చో.

మీ పెద్దబాపు లేడు. కార్తీక పున్నానికి ముందు రోజు పొద్దున పోయాడు. సిరిసిల్ల నుంచి తెచ్చుకున్న దగ్గు తగ్గలేదు. జగిత్యాల దవాఖానాలో చూపిస్తే నిమ్ము చేసిందన్నారు. మందులు వేశాం. నువ్వు రాసినట్టు వేయకుండా లేము. చివరి రోజుల్లో మాట రాలేదు, చేతులు మాత్రం కొంచెం ఆడించాడు. గుడ్డ చేరిందా అని సైగ చేశాడు. చేరిందని చెప్పాను. అప్పటికి గుడ్డ అందిందన్న నీ ఉత్తరం రాలేదు, అయినా చెప్పాను. నీ ఉత్తరం ఆయన పోయిన రెండు రోజులకు వచ్చింది.

కొరివి సాగర్ పెట్టాడు. నువ్వు వద్దన్నవాడే ఆయనకు కొడుకయ్యాడు. ఇది నీకు గుచ్చుకోవాలనే రాస్తున్నాను.

చెప్పవద్దని ఆయనేమీ అనలేదు. దాచింది నేనే. నీమీద ప్రేమ పొంగి దాచాననుకోకు. ఆ రోజే ఫోన్ చేయించి నిన్ను ఏడిపించాలని నాకు ఎంత ఉందో నీకు తెలియదు. సాగర్ నంబరు తెరిచి ఫోన్ నా చేతికిచ్చాడు కూడా. కానీ నేను చెప్తే నువ్వు ఏడాదిపాటు ఆ కొయ్య కమానుకు ఇవతల నిలబడాలి. ఆయన దుమ్ములో పడుకుని నేసిన గుడ్డ పెట్టెలో పడి ఉంటుంది. నువ్వు మా మాట వృథా చేశావు, ఊరుకున్నాను. మా అన్న ఆఖరి నేత వృథా అయితే ఊరుకోలేను. అందుకే ఫోన్ తిరిగి ఇచ్చేశాను. జగిత్యాలకు పోయి సంధ్యారాణి ఇంటి అరుగు మీద కూర్చుని ఆమెతో ఒట్టు వేయించుకుని వచ్చాను.

నువ్వు పరుగెత్తుకొచ్చినా ఆయన మొహం దొరికేది కాదు. ఆ మాట నాకు నేను రోజూ చెప్పుకుంటున్నాను. నువ్వు ఒప్పుకోకపోతే ఆ కోపం కూడా నీ దగ్గరే ఉంచుకో, వచ్చినప్పుడు తీర్చుకో.

మైల ఇంట్లోంచి పోయే కాగితానికి పసుపు పెట్టరు. కోరుట్లలో పుట్టిన చిన్నపిల్లకు కూడా తెలుసు. నీకు తట్టలేదు. తట్టకూడదని మొక్కుకున్నది నేనే, ఇప్పుడు నిన్ను అనడానికి లేదు.

అంతా క్షేమమని దేవుడి ముందు అబద్ధం చెప్పానని గుండెలు బాదుకుంటావేమో. ఐలయ్య కొడుకు సంగతి నీకు ఎగతాళికి రాశాను. తర్వాత అదే నాకు దారి చూపింది. విననివాళ్లకు మైల లేదు. నువ్వు ఆ మొహం కట్టిన రోజు నీకు మైల లేదు. వాళ్ల గుడికి నువ్వు ఏ అపచారమూ చేయలేదు. వాళ్ల లెక్క వేరే అయితే పూజారికి నా పేరు చెప్పు, కోరుట్ల అడ్రసు ఇవ్వు. వాళ్ల దేవత వచ్చి నన్ను అడగనీ.

మొన్నటి నీ ఉత్తరం ఆయన ఫోటో ముందు కూర్చుని చదివాను. నోటితో చదివితే ఆయనకు వినబడదు కదా, చేతులతో చెప్పాను. పులి అడుగు సంగతి రెండుసార్లు చెప్పాను. శైలజ చూసి నాకు పిచ్చి పట్టిందనుకుంది.

నిన్ను క్షమించానని అనుకోకు. గది ఎందుకు, నా ఇంట్లో ఆయన మంచం ఖాళీగా ఉంది. వచ్చి తిట్టాలనుకున్నవన్నీ అక్కడ కూర్చుని తిట్టు. నేనూ తిడతాను. ఒట్టు సంగతి అప్పుడు చూద్దాం.

ఈ కాగితానికీ పసుపు లేదు. ఇది చావు కబురు, ఇంట్లో ఉంచుకునే ఉత్తరం కాదు. ఇప్పుడు విన్నావు. దీన్ని చింపేసి, లేచి తల మీద నీళ్లు పోసుకో.

అత్త